సంతకానికి ముందు

మా వీధి చివరి ప్రాథమిక పాఠశాలలో కరెంటు గంట చెడిపోయి పది రోజులయింది. దాన్ని బాగుచేయించేదాకా ఆగలేక, సామాన్ల గదిలో తుప్పుపట్టి పడివున్న పాత రైలుపట్టా ముక్కను తీసి వేపకొమ్మకు కట్టారు. ఉదయం ఆయా ఇనుపకడ్డీతో దాన్ని కొట్టినప్పుడు మొదట ఒక గట్టి దెబ్బ, ఆ వెనుక గాలిలో చాలాసేపు వణుకుతూ నిలిచే సన్నని ఝంకారం వినిపిస్తాయి. ఆ ఝంకారం చెవిన పడగానే డెబ్బయి రెండేళ్ల నా కాళ్లు తమంతట తామే తొందరపడతాయి. చేతిలోని పుస్తకం మూసి, లేచి, ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు గుమ్మం వైపు రెండడుగులు వేసి ఆగిపోతాను. మా ఆవిడ చూసి నవ్వుకుంటుంది. నేను పరుగెత్తబోయిన ఆ తరగతి యాభై యేళ్ల కిందటే ముగిసిందని ఆమెకు తెలుసు.

నేను చదివిన ప్రాచ్యకళాశాల గంట కూడా రైలుపట్టా ముక్కే. నౌపడ నుంచి గుణుపురం దాకా నడిచే చిన్న రైలు మా ఊరి మీదుగా పోయేది. ఆ దారి మరమ్మతులలో మిగిలిపోయిన ముక్కనొకదాన్ని ఎవరో పుణ్యాత్ములు కళాశాలకు ఇచ్చారని చెప్పుకునేవారు. అయితే ఆ గంటకూ ఆ రైలుకూ ఏనాడూ పొసగలేదు. గంట సరిగ్గా పదికి మోగేది. రైలేమో నౌపడలో పెద్దలైను మెయిలు వచ్చేదాకా కాచుకుని, పొలాల మధ్య తీరికగా నడుస్తూ, పదింబావు దాటాక గాని మా ఊరు చేరేది కాదు. ఆ కొద్దిపాటి వ్యవధి తెచ్చిన తగవులోనే నాకు నా గురువు దొరికారు.

ఆయన పేరు అప్పలనరసింహం. ఊరందరికీ తర్కం మేష్టారు. వంశధార ఒడ్డున తరతరాలుగా వరి పండించుకునే కుటుంబంలో పుట్టి, పశువులు కాసే వయసులో ఎవరి అరుగు మీదనో శాస్త్రపాఠం విని, ఆ వినికిడే దాహమై, ఊరూరా గురువులను వెతుక్కుంటూ తిరిగి తర్కం నేర్చుకున్నవారు. తరగతిలో పాఠం చెప్పేటప్పుడు ఆయన వాక్యం చెక్కిన రాయిలా ఉండేది. ఒక్క మాట ఎక్కువ గాని తక్కువ గాని దొర్లేది కాదు. పుస్తకం మూసి వరండాలోకి వచ్చారంటే మాత్రం పొలంగట్టు మీది మాట తిరిగి నోట పలికేది. ఆ రెండు భాషలలో ఏదీ రెండోదాన్ని చూసి సిగ్గుపడలేదు. కిరాణా వర్తకుడి కొడుకునై ఉండి, కొట్టు భాషను కళాశాల గుమ్మం బయటే విడిచి, లోపల సమాసాలు తప్ప మాట్లాడని నాకు అది ఆనాడు వింతగా తోచేది. ఆ పొందికలోని గౌరవం అర్థం కావడానికి నేనొక పరాభవం పొందవలసి వచ్చింది.

వారంలో మూడు రోజులు మొదటి గంట పాఠం ఆయనదే, మిగిలిన రోజుల్లో ఆయన పాఠం మధ్యాహ్నం. హాజరు పిలుస్తూ నౌపడ వైపు నుంచి వచ్చే ఏడుగురి పేర్ల దగ్గరికి రాగానే అందరి చూపూ బయటికి తిరిగేది. కిటికీలోంచి చూస్తే పొలాల అవతల చిన్న రైలు పొగ కనిపిస్తూనే ఉండేది. పొగను చూసి నిప్పును ఊహించడమనే పాఠం జరుగుతున్న రోజులవి. ఒకనాడు నారాయుడు లేచి నిలబడ్డాడు. ముఖలింగం వైపు పల్లె నుంచి బస్సులో వచ్చే రైతుబిడ్డ, నాకు ప్రాణస్నేహితుడు, నోటికి అదుపులేనివాడు.

“మేష్టారూ, అదిగో పొగ అవుపిస్తన్నాది. పొగుంటే నిప్పుంటాదని మీరే సెప్పినారు. నిప్పుంటే ఇంజనుంటాది. ఇంజనెనకాల పెట్టెలుంటాయి. పెట్టెలో నూకరత్నం ఉంటాది. హాజరేసీండి.”

తరగతి గొల్లుమంది. మేష్టారు కూడా పుస్తకం మూసి, కండువాతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. “బాగా కట్టినావురా. నిప్పుకైతే ఊహ సాలు. హాజరుకి మనిషి గావాల,” అన్నారు. అని, ఆ ఏడు పేర్ల ఎదుట ఏడు సున్నలు చుట్టారు.

ఆ సున్నలు మిగిలిన ఆరుగురికి చిరాకు మాత్రమే. నూకరత్నానికి మాత్రం అవి చదువు తీసే కోతలు. ఆమె తండ్రి నౌపడ ఉప్పుమడులలో పనిచేసేవాడు. ఆ ఇంట ఉన్నతపాఠశాల గడప దాటినది ఆమె ఒక్కతే. పట్టా చేతికొస్తే తెలుగు పంతులమ్మ కావచ్చునని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, ఒక్కసారి పరీక్షకు కూర్చోవడానికి తండ్రి ఒప్పుకున్నాడు. ఆ ఏడు పరీక్ష తప్పితే మరుసటి ఏడు ఆమె కూడా పూర్తిగా మడిలోకి దిగవలసిందే. ఇక కళాశాల నియమమేమో, ఏ ఒక్క పాఠంలోనైనా హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరాదని. దసరా సెలవులకు ముందే తర్కంలో ఆమె హాజరు అంచుకు వచ్చింది. పాఠం మాత్రం ఆమెకు మా అందరికంటె బాగా వచ్చు. మధ్యాహ్నం ఎవరి నోటుపుస్తకమో తీసుకుని, ఉప్పు కోసి గరుకెక్కిన వేళ్లతో ముత్యాల్లాంటి అక్షరాలు దించుకునేది.

ఆ యేడే నన్ను విద్యార్థి ప్రతినిధిగా ఎన్నుకున్నారు. నేను గొప్ప నాయకుణ్ణని కాదు. ఆశువుగా నాలుగు పద్యాలు చెప్పగలనని, మాటకు మాట అప్పజెప్పగలనని. నేనూ అదే ప్రతినిధి లక్షణమనుకున్నాను. మొదటి గంట సమస్య నా చేతికి రాగానే మూడు రోజులు తలుపు వేసుకుని కూర్చుని నాలుగు పుటల అర్జీ రచించాను. అందులో ధూమశకటం సుదీర్ఘ నిశ్వాసాలు విడిచింది. సరస్వతీ సన్నిధికి సకాలంలో చేరలేని ఛాత్రబృందం చకోరాలై అలమటించింది. నా కోరిక మూడో పుట అడుగున, ఒక ఎనిమిది పాదాల వాక్యం కడుపులో ఉన్నది. ఉదయం అరగంట ఆలస్యంగా ఆరంభించి, సాయంత్రం అరగంట ఆలస్యంగా ముగించవలెనని. తరగతి తరగతికీ తిరిగి సంతకాలు పెట్టించాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ చదవనూ లేదు.

మెప్పు కోరి ముందుగా మేష్టారికి చూపించాను. ఆయన వరండాలో స్తంభానికి ఆనుకుని నాలుగు పుటలూ ఓపికగా చదివారు. పొగుడుతారని చూస్తున్నాను.

“ఇందులో ప్రిన్సిపాలు గారు ఏటన్నారు?” అని అడిగారు.

ఆయనింకా ఏమీ అనలేదని, చదివిన తరువాత అంటారని చెప్పాను.

“అయితే పూర్వపక్షం లేదన్నమాట.” కాగితాలు మడిచి నా చేతికిచ్చారు. “ఒరే కామేశం, శాస్త్రంలో అవతలోడి మాట ముందు సెప్పకుండా మన సిద్ధాంతం సెప్తే ఏటంటారు? వాగుడంటారు. పరీక్షలో రాస్తావు గదా ఇది. మరి అర్జీలో ఏలేదు? ముందొక కాయితం రాయి. అందులో నీ మాట ఒక్కటుండకూడదు. కాదనేవోళ్లు ఎందుకు కాదంటారో అది రాయి. రాసి ఆళ్లకే సూపించు. ‘అవును, నా మాట ఇదే’ అని ఆళ్లు సంతకం పెట్టినాక, అప్పుడు రెండో కాయితం.”

నాకు రోషం వచ్చింది. శాస్త్రచర్చ వేరు, లోకవ్యవహారం వేరు అనుకున్నాను. ఇంత చక్కని రచనను పల్లెటూరి పట్టుదలతో తోసిపుచ్చుతున్నారని కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, అనుకున్నాను. మరునాడే అర్జీని నేరుగా ప్రిన్సిపాలు గారికి ఇచ్చాను.

ప్రిన్సిపాలు గారు క్రూరులు కారు. నియమాన్ని నమ్ముకున్న మనిషి. ఆయన అర్జీని అట్టే పెట్టుకోకుండా, ప్రార్థన తరువాత అందరి ఎదుటా నన్నే చదివి వినిపించమన్నారు. ఉత్సాహంగా చదివాను. నా కంఠం ఆ రోజు చాలా బాగుంది. పూర్తయ్యాక, “అయితే సాయంత్రం అయిదుకు విడిచిపెట్టాలంటారు. అంతే కదా?” అని ఒక్క ముక్కలో తేల్చారు. ఆ ఒక్క ముక్క నా నాలుగు పుటలూ చేయలేని పని చేసింది. వరుసల్లో కదలిక పుట్టింది. నారాయుడు ముందుకొచ్చాడు.

“అయిదుకేటి? మా బస్సు నాలుగూముప్పావుకి ఎల్లిపోతాది. దాని తరవాత మరి లేదు. ఒరే బావా, మమ్మల్ని రోడ్డు మీద తొంగోమంతావేటి?”

నీ సంతకం కూడా ఇందులో ఉన్నదని ప్రిన్సిపాలు గారు కాగితం చూపించారు. నారాయుడు వంగి చూసుకుని తల గోక్కున్నాడు.

“ఉన్నాదండి. నాదే. సదివితే ఒక్క ముక్క బోధపడలేదండి. మనోడు రాసినాడు గదా, బాగానే ఉంటాదని పెట్టీసినాను.”

వరుసలన్నీ గొల్లుమన్నాయి. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. బస్సులో వచ్చే పద్దెనిమిది మందీ తమకే ఎసరు తెచ్చే కాగితం మీద నా మొహం చూసి సంతకాలు చేశారు. నా భాష వారికి గౌరవం కలిగించింది గాని అర్థం కలిగించలేదు. ప్రిన్సిపాలు గారు అర్జీని తిరిగి ఇచ్చేశారు. వెళుతూ, “మీలో మీకే పొత్తు కుదరని సంగతిని నా దగ్గరికి తేకండి,” అన్నారు. అది న్యాయమైన మాట. సరిగ్గా ఆ సమయానికి నౌపడ బృందం రొప్పుతూ గేటులోంచి వచ్చింది. జరిగినది ఎవరో చెప్పగా విని నూకరత్నం నా దగ్గరికి నడిచి వచ్చింది. కోపం లేదు ఆమె ముఖంలో. అది ఉంటే బాగుండుననిపించింది.

“నాలుగు పేజీలు రాసినావటగదా కామేశం. నాకు ఒక్క పూట హాజరు తేలేకపోనాది నీ కాయితం,” అని తరగతిలోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మేష్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందే చెప్పానని అనలేదు. నన్ను కూర్చోబెట్టి, నువ్వెప్పుడైనా చిన్న రైలులో వచ్చావా అని అడిగారు. లేదన్నాను. నాలుగూముప్పావు బస్సెక్కావా అన్నారు. ఎందుకెక్కుతాను, మా ఇల్లు కళాశాలకు రెండు వీధుల అవతల. “మరి ఆళ్ల మాట నీ నోట ఎలాగొస్తాది?” అన్నారు. అంతకు మించి బోధ చేయలేదు.

మరునాడు తెల్లవారకముందే సైకిలు మీద నౌపడ వెళ్లి, సైకిలును రైలు పెట్టెలో వేసుకుని తిరిగి వచ్చాను. ఉప్పుమడుల మీదుగా వచ్చే గాలికి పెదవులు చప్పరిస్తే ఉప్పగా ఉన్నాయి. పెట్టెలో చోటులేక నూకరత్నం తలుపు దగ్గర నిలబడి, పుస్తకాన్ని కమ్మీకి ఆనించి చదువుకుంటూ వచ్చింది. ఇంటి దగ్గర ఏ వేళకు బయలుదేరావని అడిగితే, తండ్రితో కలిసి మడి దగ్గర కొంత పని ముగించుకునే వచ్చానని చెప్పింది. రైలు ఆలస్యమని మేమందరం అనుకునేవాళ్లం. అది ఏ రోజూ పదీ ఇరవై దాటలేదని, అరగంట కాదు గదా ఇరవై అయిదు నిమిషాలు దొరికినా చాలునని ఆమె లెక్కగా చెప్పింది. నేనామెను అంతవరకు అడగనే లేదు. ఆమె కోసం నాలుగు పుటలు రాశాను, ఆమెను ఒక్క ప్రశ్న వేయలేదు.

రెండు రోజుల తరువాత నారాయుడితో బస్సెక్కాను. వాడు నాకు దారి పొడవునా ఎవరు ఎక్కడ దిగుతారో, దిగి ఎంత దూరం నడుస్తారో చూపించాడు. చీకటి పడేలోగా గేదెలకు గడ్డి కోసుకోవాలి వాళ్లలో సగం మంది. నారాయుడి తల్లి నాకు అన్నం పెట్టి, “మావోడు నీ కాయితం గురించి సెప్పి సెప్పి నవ్వుతన్నాడు నాయనా, ఏటీ అనుకోకు,” అని తానూ నవ్వింది. నేనూ నవ్వాను. నా రచన మీద నాకు నవ్వు రావడం అదే మొదలు.

ఆ తరువాత మొదటి కాగితం రాశాను. ప్రిన్సిపాలు గారి వైపు నుంచి. వేళలు మార్చితే పై అధికారులకు ఏమని జవాబు చెప్పాలి, పాఠం గంటలు తగ్గరాదు, కొందరి సౌకర్యం ఇంకొందరికి కష్టం కారాదు, ఒకసారి సడలించిన నియమం మళ్లీ బిగించడం కష్టం. ఇంత వరకూ నాకు తోచింది. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి, ఇది తమ అభిప్రాయమేనా, తప్పుంటే దిద్దండి అన్నాను. ఆయన అనుమానంగా అందుకుని చదవసాగారు. చదువుతూ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఇది మీరు రాశారా, నేను రాశానా?” అన్నారు.

తరువాత కలం తీసి తానే ఒక వాక్యం చేర్చారు. పదేళ్ల కిందట ఒకసారి ఇట్లాగే వేళ మార్చితే నెల తిరగకుండానే ఆ విద్యార్థులే పాత వేళ కావాలని వచ్చారని. ఆయన మొండితనమని మేము పేరుపెట్టినదాని వెనుక అటువంటి ఒక అనుభవముందని నాకు ఆ వాక్యం చూశాకనే తెలిసింది. ‘ఇది నా మాటే’ అని కింద రాసి సంతకం చేశారు. ఆయన ముఖం ఆ రోజు కొంచెం మెత్తబడింది. తన మాటను ఎవరో శ్రద్ధగా విన్నారన్న సంగతి పెద్దవారిని కూడా మెత్తబరుస్తుంది కాబోలు.

ఇక రెండో కాగితం. ఉదయం అరగంట కావాలి, సాయంత్రం కదపరాదు, పాఠం తగ్గరాదు. ఈ మూడూ పక్కపక్కన రాసుకుని చూస్తే మిగిలిన చోటు ఒక్కటే. మధ్యాహ్నపు విరామం. మా కళాశాలలో అది గంటన్నర. పూర్వం అధ్యాపకులు ఇంటికి వెళ్లి స్నానం చేసి, మడి కట్టుకుని భోంచేసి రావడానికి పెట్టినది. దాన్ని గంటకు కుదించితే రైలువాళ్లకు గాని, బస్సువాళ్లకు గాని నష్టం లేదు. వాళ్లు తెచ్చుకున్న అన్నం చెట్టు కింద తినేవాళ్లే. నష్టం ఊళ్లో ఇళ్లున్నవాళ్లకు. అంటే నాకు. నేను మధ్యాహ్నం ఇంటికి వెళ్లి వేడన్నం తిని, కొట్టులో కూర్చుంటే గాని మా నాన్నగారు భోజనానికి లేచేవారు కారు. ఆ రెండూ ఒక్క గంటలో తెమిలేవి కావు.

ఈ సంగతి కనిపెట్టి మేష్టారికి చెప్పాను. మొదటి నుంచీ ఆయనకిది తెలుసా అని అడిగాను. “మీ నాన్ననడిగినావా?” అన్నారు.

నాన్నగారు త్రాసు పళ్లెం తుడుస్తూ అంతా విన్నారు. “ఊరందరి తరుపునా మాటాడే కొడుకుంటే, అయ్యకి అన్నం ఆలీసం అవుతాదన్నమాట,” అని కాసేపు నన్ను ఏడిపించి, చివరకు అమ్మను తన కేరియరు కొట్టుకే పంపమని, నాకు పొద్దున్నే కట్టి ఇమ్మని చెప్పారు. నాతోటి ఊరివాళ్లు అంత తేలికగా లొంగలేదు. ఎవరికో హాజరు లేకపోతే మాకెందుకు శిక్ష అన్నారు. వారి మాట కూడా మొదటి కాగితంలో చేర్చాను. చేర్చి వారికి చూపించాను. అంతటితో సగం వాదన చల్లారింది. మిగిలిన సగానికి రెండు వారాలు పట్టింది.

ఈసారి సంతకాలకు మేష్టారు ఒక షరతు పెట్టారు. “సంతకం పెట్టీముందు, అందులో ఏటున్నాదో ఆళ్లు నీకు తిరిగి సెప్పాల. ఆళ్ల మాటల్లో. సెప్పలేకపోతే తప్పు ఆళ్లది కాదు, నీది. కాయితం మళ్లీ రాయి.” నేను ఆ కాగితాన్ని అయిదుసార్లు తిరగరాశాను. ప్రతిసారీ ఒక సమాసం రాలిపోయింది. చివరకు అర పుట మిగిలింది. నారాయుడు దాన్ని చదివి, వేలు మడుస్తూ నాకు తిరిగి అప్పగించాడు. “పొద్దున్న అరగంట లేటు. మద్యాన్నం అరగంట కోత. సాయంత్రం ఎప్పుడూలాగే. నా బస్సు నాకుంటాది. నీ ఏడన్నం పోతాది. ఇదే గదా?” ఇదే. “అయితే ఇలాగియ్యి,” అని సంతకం చేశాడు.

అధ్యాపకుల సమావేశంలో ఈ అర్జీని పెట్టవలసినది మేష్టారు. ఆయన లేచి, విద్యార్థుల మాట విద్యార్థులే చెప్పడం ఉచితమని, నన్నూ నూకరత్నాన్నీ లోపలికి పిలవాలని కోరారు. అంతకు ముందు ఆ గదిలోకి విద్యార్థులు మందలింపులకు తప్ప వెళ్లినది లేదు. నేను ముందు మొదటి కాగితం చదివాను. ప్రతి వాక్యానికీ ప్రిన్సిపాలు గారి తల ఊగింది. తరువాత అర పుట చదివి ఆగాను. అప్పుడు నూకరత్నం రెండు చేతులూ కట్టుకుని, గోడ వైపు కాక పెద్దల వైపే చూస్తూ మాట్లాడింది.

“పాఠం తగ్గించమని అడగడం లేదండి. మేం రాకముందే మొదలైపోతన్న పాఠం, మేం వచ్చినాక సెప్పమంటన్నాం. అంతేనండి.”

ఒక పెద్దాయన మడి భోజనం సంగతి ఎత్తారు. అది కూడా మొదటి కాగితంలో ఉన్నది. ప్రిన్సిపాలు గారు కాగితాన్ని బల్ల మీద పెట్టి, “కాదనడానికి నేను పెట్టుకున్న మాటలన్నీ వీళ్లే ముందు చెప్పేశారు,” అని, అర్ధ సంవత్సర పరీక్షల దాకా ప్రయత్నించి చూద్దామన్నారు. చూశారు. ఆ వేళ తరువాత చాలా యేళ్లు మారలేదు.

కొత్త వేళ మొదలైన సోమవారం పదిన్నరకు బంట్రోతు రైలుపట్టాను కొట్టినప్పుడు, నౌపడ వాళ్లు ఏడుగురూ గదిలో మా కంటే ముందే కూర్చుని ఉన్నారు. మేష్టారు హాజరు పిలిచారు. నూకరత్నం పేరు దగ్గర తలెత్తి ఆగారు. “ఉన్నానండి” అన్నది ఆమె. మేష్టారు కిటికీ వైపు చూశారు. పొగ లేదు. “ఒరే నారాయుడూ, ఇదిరా ప్రత్యక్షం,” అన్నారు. ఆయన గొంతులో పాఠం భాషా, వరండా భాషా కలిసిపోయి వినిపించడం నాకు అదొక్కసారే గుర్తు.

ఆ మధ్యాహ్నం నా కేరియరు తీసుకుని చెట్టు కిందికి పోతూ వెనుక వరండాలో మేష్టారిని చూశాను. ఒంటరిగా కూర్చుని, ఇత్తడి చెంబులోంచి రాగులతో కాచిన చోడంబలి తాగుతున్నారు. అప్పుడు స్ఫురించింది. ఆయన ఇల్లు మైలు దూరంలో, పొలాల మధ్య. గంటలో వెళ్లి రావడం ఆయన వయసుకు కుదరదు. అంత వరకూ ఎవరి నష్టం ఎంతో అందరినీ అడిగాను. ఆయనను అడగలేదు. నేను నిలబడి ఉండడం చూసి, “ఏటలా సూస్తావు? అంబలి సల్లారిపోతే బాగోదని ఎవడన్నాడు?” అని చెంబు ఎత్తి చూపించారు.

సున్నలు చుట్టిన పాత పూటలలో ఒక్కదాన్ని కూడా ఆయన దిద్దలేదు. పరీక్షకు ముందు లెక్క చూస్తే తర్కంలో నూకరత్నానికి కావలసినదాని కంటె మూడు పూటలు ఎక్కువ వచ్చాయి. ఆ మూడు పూటలూ ఆమెవి. ఎవరి దయా కాదు. పట్టా తీసుకుని తెలుగు పండితురాలై, ఆ ఉప్పుగాలి తగిలే పల్లెలలోనే ముప్పై యేళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నది. నేను కొత్తవలస దగ్గర మొదలుపెట్టి అయిదారు ఊళ్లలో అధ్యాపకుణ్ణి అయ్యాను. అర్జీలతో నా దగ్గరికి వచ్చిన ప్రతి విద్యార్థినీ మొదటి కాగితం ఏదని అడిగాను. కొందరు విసుక్కుని వెళ్లిపోయారు. తిరిగి వచ్చినవారు గెలిచినా ఓడినా తలవంచుకోలేదు. మేష్టారిని చివరిసారి చూసినప్పుడు ఆయన మంచం పట్టి ఉన్నారు. మా కళాశాలలో ఏదో సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారని గొప్పగా చెప్పాను. “పిల్లలేటంటన్నారు?” అని అడిగారు. ఇంకా అడగలేదని ఒప్పుకున్నాను. నవ్వి కళ్లు మూసుకున్నారు.

ఈ ఉదయం రైలుపట్టా మోగిన కాసేపటికి మా వీధిలోని హారిక వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం. కళాశాల గ్రంథాలయాన్ని సాయంత్రం మరొక గంట తెరిచి ఉంచమని విద్యార్థులందరూ అర్జీ పెడుతున్నారట. నేను చివరగా పనిచేసినదీ ఆ కళాశాలలోనే గనక, పూర్వాధ్యాపకుల తరఫున నా సంతకం కావాలట. బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. పైదానిలో గ్రంథాలయాధికారి ఇబ్బందులన్నీ ఉన్నాయి. కింద ఆయన సంతకం ఉన్నది. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి ఆ సంతకాన్ని మళ్లీ చూశాను. ఇలా రాయాలని నీకెవరు చెప్పారని అడిగాను. హైస్కూల్లో తెలుగు టీచరు చెప్పారని, ఆవిడకు ఆవిడ టీచరు నేర్పారని, ఆ పెద్ద టీచరుగారిది నౌపడ వైపు అని చెప్పింది. పేరు అడగవలసిన పని నాకు లేకపోయింది.

సంతోషంతో కలం మూత తీసి సంతకానికి వంగాను. హారిక అరచేతిని కాగితం మీద పెట్టి అడ్డుకుంది.

“అలా కాదు తాతగారూ. ముందు ఇందులో ఏటున్నాదో మీరు నాకు తిరిగి సెప్పాలి.”

కలం పక్కన పెట్టాను. కళ్లద్దాలు తుడుచుకుని, రెండు కాగితాలూ మొదటి నుంచి చదివాను. తరువాత చేతులు కట్టుకుని, ఒక్క సమాసం లేకుండా, ఆ అమ్మాయికి పాఠం అప్పగించాను.